కలిపిన డిగ్రీ

"మనుషులేటమ్మా ఇంత చల్లగా ఉన్నారు?" అన్నాడు ధనరాజ్, తెర మీద వేలు పెట్టి.

వేలు పెట్టినచోట మరక పడింది. సింధూరి దాన్ని చున్నీ అంచుతో తుడిచి, నిన్న మధ్యాహ్నం షిఫ్టు రీడింగులు కిందికి జరిపింది. మూడు వందల పన్నెండు మంది గేటు దాటారు. 97.3. 97.6. 97.1. 97.8. అందరిదీ కలిపి సగటు తీస్తే 97.5.

"మిషను బాగానే ఉంది సార్. పోయిన నెలే వాళ్లొచ్చి సరిచూసి కాగితం ఇచ్చారు."

"మిషను బాగుంటే మరి మనుషులు బాలేరా?"

దానికి ఆమె దగ్గర కాగితం లేదు.

నరసన్నపేట దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ రొయ్యల ఫ్యాక్టరీ. వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టి సముద్రం దాటిస్తారు. తినేది పై దేశాల వాళ్లు కాబట్టి జ్వరం ఉన్న చెయ్యి రొయ్య మీద పడకూడదు. అందుకే గేటు దగ్గర ఒక స్తంభం, స్తంభం మీద ఒక స్కానర్. ఎదురుగా నిలబడితే మొహం గుర్తుపట్టి, నుదురు చూసి, ఒంటివేడి ఎంతో చెప్పి, పేరు పక్కన రాసుకుంటుంది. 99.5 దాటితే ఎర్ర లైటు. ఆ పూటకి ఇంటికే. బీటెక్‌లో నాలుగేళ్లు సెన్సార్ల గురించి చదివినందుకు ఫ్యాక్టరీ సింధూరికి అప్పజెప్పినవి మూడు: ఆ స్కానరు, గోడల మీది కెమెరాలు, హెచ్చార్ మేనేజర్ ధనరాజ్ గారి ప్రింటరు. మూడింట్లో బాగా ఏడిపించేది ప్రింటరే.

"శుక్రవారం ఆడిట్. వాళ్లు అడిగీ మొదటి ప్రశ్న ఇదే," అన్నాడు ధనరాజ్. "మనిషికి నార్మల్ ఎంత? 98.6. మావాడు నాలుగో క్లాసు, వాడికీ తెలుసు. మన దగ్గర ఒక్కరికైనా ఉందా? మూడొందల మందీ శవాలేటి?"

"కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు సార్."

"అటు లేదు, అంతా ఇటే ఉంది. మీ ఇంట్లో థర్మామీటరు చంకలో పెడితే ఒక డిగ్రీ కలపరా?"

కలుపుతారు. కలపని ఇల్లు ఆమెకు తెలీదు. వాళ్లమ్మ థర్మామీటరు కిటికీ వెలుగుకి పట్టి, ముందు ఉన్నది చదివి, తర్వాత ఒకటి కలిపి, బేరం తెగినట్టు రెండో అంకె గట్టిగా చెబుతుంది. జ్వరమంటే ఆ రెండో అంకే.

"ఇదీ అంతే. పైపైన నుదురు చూసింది కదా. లోపల ఇంకో డిగ్రీ ఉంటాది. కలిపీ."

"సార్, ఈ మిషను ముందే లోపలిది లెక్కకట్టి చూపి—"

"కలిపీమ్మా."

సెట్టింగుల్లో దానికో గడి ఉంది. అందులో 0.0 అని ఉంటుంది. ఆమె 1.0 అని కొట్టి సేవ్ నొక్కింది. రెండు సెకన్లు పట్టింది. తర్వాత ధనరాజ్ ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందరికీ ఒక డిగ్రీ పెంచినప్పుడు ఎర్ర లైటు హద్దు కూడా ఒక డిగ్రీ పైకి జరపాలన్న సంగతి కాగితం లాగుతుండగా ఆమెకు తట్టింది. అడిగితే మళ్లీ పావుగంట ఉపన్యాసం అనుకుని ఊరుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. ఒక్కో ఆటోలోంచి పదేసి మంది ఆడవాళ్లు దిగారు. క్యారేజీలు, చంకలో మడిచిన నీలం ఏప్రన్లు, చేతుల్లో గమ్ బూట్లు. స్కానర్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు అత్త. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు మొహంలోకి చూసి ఏదో ఒకటి అనేది అదొక్కతే అని.

"అత్త ఏటంది?"

"98.4 అంది. నిన్నటి మీద నానంటే అభిమానం పెరిగింది దీనికి."

సెక్యూరిటీ ఎల్లాజీ కర్రతో వరస సరిచేస్తూ నవ్వాడు. పాతికో మనిషి దగ్గర స్కానర్ కూత పెట్టింది. ఎర్ర లైటు. తర్వాత ఇంకొకరు. షిఫ్టు మొత్తంలో ఐదుగురు. మామూలుగా వారానికి ఒకరు కూడా రారు.

ఐదో మనిషి అసిరమ్మ. యాభై దాటిన మనిషి, ఒకటో టేబుల్ దగ్గర తొమ్మిదేళ్లుగా నిలబడుతోంది. రొయ్య తల ఎప్పుడు తుంచిందో, పెంకు ఎప్పుడు జారిందో చూసేవాళ్లకి తెలీదు. కొత్తవాళ్లని ముందు ఆమె పక్కన నిలబెడతారు.

"99.6," అన్నాడు ఎల్లాజీ. "ఎల్లిపో అప్పా ఇంటికి."

"నాకేటయింది? ఒరే, బాగున్నాను."

"నాను కాదు, అత్త అన్నాది."

ఎండన పడి వచ్చిన మిగతా నలుగురూ అప్పటికే గోడవారకు చేరారు. అక్కడ ఐసు లారీ ఆగి ఉంది. లారీ వెనక రాలిన ముక్కలు ఏరుకుని, కొంగులో చుట్టి, నుదుటికి రుద్దుకుంటున్నారు. పది నిమిషాలాగి మళ్లీ వరసలో నిలబడితే నలుగురికీ ఆకుపచ్చ వచ్చింది. స్కానర్ ఆడగొంతుతో నాలుగుసార్లు "నార్మల్ టెంపరేచర్" అని మెచ్చుకుంది.

"నువ్వూ రాసుకో అసిరమ్మా, బేగి!" అని లోపలినుంచి ఎవరో కేకేశారు.

"రొయ్యకి ఏసిన మంచు నా మొకానికి రాసుకోవాలేటి? నాకేటి జొరమా? జొరం నేనోలికి మంచెందుకు?" అంది అసిరమ్మ. గేటు గదిలోంచి చూస్తున్న సింధూరి వైపు తిరిగింది. "ఏటమ్మా మేడమ్మా, నీ మిషనికి కళ్లు కనపడతన్నాయా?"

కనబడుతున్నాయి, నేనే కళ్లజోడు పెట్టాను అని చెప్పాల్సింది. సింధూరి ఏదో వైరు సరిచేస్తున్నట్టు తల వంచుకుంది. అసిరమ్మ బూట్లు రెండూ కలిపి పట్టుకుని, ఖాళీగా వెనక్కి వెళ్తున్న ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం బస్సులో సింధూరి ఫోన్లో వెతికింది. 98.6 ఎక్కడ పుట్టిందో. నూట యాభై ఏళ్ల కిందట ఎక్కడో చలిదేశంలో ఒక డాక్టరు వేలమంది చంకల్లో మూరెడు థర్మామీటర్లు పెట్టి చూసి తేల్చిన అంకె అట అది. అప్పటినుంచి పుస్తకాలు దాన్ని కదపలేదు. మనుషులే కదిలారు. పాత రికార్డులూ కొత్త రికార్డులూ పక్కపక్కన పెడితే తరం తరానికీ ఒళ్లు కాస్త కాస్త చల్లబడుతూ వచ్చిందట. ఇప్పుడు చాలామందికి మామూలు వేడి 97.5 దగ్గరే. ఎందుకంటే ఖాయంగా చెప్పలేదు గానీ, ఒక ఊహ రాశారు. ఆ రోజుల్లో మందుల్లేవు. పుచ్చిన పళ్లు, మానని పుళ్లు, ఊపిరితిత్తుల్లో క్షయ. సగం జనం లోపల ఏదో ఒకటి రాజుకుంటూనే తిరిగేవాళ్లు. వాళ్లందరినీ కలిపి తీసిన నార్మల్ అది.

సింధూరి చివరి ముక్క గబగబా దాటేసింది. ఆమెకు కావలసింది మొదటి ముక్కే. మిషను బాగుంది, మనుషులూ బాగున్నారు, బాగులేనిది తను కలిపిన డిగ్రీ.

*

బుధవారం పొద్దున్న స్కూటీ మీద అసిరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. హైవే దిగి, వరికోతలైపోయిన మళ్ల మధ్య రెండు కిలోమీటర్లు. రేకుల ఇల్లు. అసిరమ్మ వాకిట్లో ఎండకి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లో రెండేళ్ల మనవరాలు, అమ్మమ్మ చెంపకి చెంప ఆనించి బిస్కట్టు నాకుతోంది. వసారాలో కుట్టుమిషను ముందు కూతురు రేఖ.

"మేడమ్మా! ఏటిలాగొచ్చినావు? రేకా, కుర్చీ ఎయ్యి."

"పిన్నీ, ఇది ఒకసారి చంకలో పెట్టుకుంటావా?" సింధూరి బ్యాగులోంచి థర్మామీటరు తీసింది. "నీకు జ్వరం లేదు. నాకు తెలుసు. తప్పు నాదే. మిషన్లో ఒక డిగ్రీ నేనే కలిపాను."

అసిరమ్మ ఆమెను కిందినుంచి పైకి చూసింది. "ఏటీ? కలిపినావా? కూరలో ఉప్పు కలిపినట్టు?"

"సార్ కలపమన్నారు."

"ఆ బాబు కలపమంటే కలిపీసినావు. బాగున్నాది."

కోప్పడితే బాగుండేది. అసిరమ్మ నవ్వింది, నవ్వు మధ్యలో పొడిగా దగ్గింది, థర్మామీటరు తీసుకుని జాకెట్టులోకి తోసింది. జాకెట్టు వదులుగా ఉంది.

"నెలలో రెండుసార్లు కుట్టు బిగించినాను," అంది రేఖ మిషను ఆపకుండానే. "అయినా జారిపోతన్నాది. తిండి తినదు. తినమంటే రొయ్యల వాసనొస్తాది అంటాది. తొమ్మిదేళ్లు నేని వాసన ఇప్పుడొచ్చింది."

"ఊరుకోయే."

థర్మామీటరు కీచుమంది. రేఖ లేచి వచ్చి చదివింది. "98.6. ఒకటి కలిపితే 99.6."

"కలపొద్దు!" అంది సింధూరి. చిన్నపిల్ల ఉలిక్కిపడింది. "కలపక్కర్లేదు. 98.6 అంటే నార్మల్. పిన్నీ, అచ్చం పుస్తకంలో ఎంతుందో అంతే ఉంది నీకు. మా సార్‌కి కావలసింది ఇదే. మూడొందల మందిలో నీ ఒక్కదానికే ఉంది."

"అలగా! ఓలే రేకా, ఇన్నావా? పుస్తకంలో ఉన్నానట."

ఆమె మొహంలో గర్వం చూసి సింధూరికి గుండె తేలికైంది. టీ తాగింది. ఇవాళ పని ఉంటుందా, పేరు తీసేస్తారా అని అసిరమ్మ రెండుసార్లు అడిగింది. వరసగా రెండు రోజులు ఎర్ర లైటు వస్తే, డాక్టరు కాగితం తెచ్చేదాకా ఫ్యాక్టరీవాళ్లు పేరు పక్కన పెడతారు, ఈలోగా టేబుల్ దగ్గర జాగా ఇంకొకరికి పోతుంది. పోయిన జాగా తిరిగొచ్చినవాళ్లు లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఆ జాగా పోతే మరి నా బతుక్కి ఏటున్నాది మేడమ్మా? రేక కుట్టు మీద ముగ్గురం బతకలేం."

"పోదు. నేను చూస్తాను. ఒంటిగంటకి వచ్చేయ్," అంది సింధూరి.

ధనరాజ్ ఆమె మాట పూర్తిగా విన్నాడు. అదే చిత్రం. నూట యాభై ఏళ్లు, చలిదేశం, చల్లబడుతున్న మనుషులు, అంతా విన్నాడు.

"బాగుందమ్మా. నిజమే అయ్యుండొచ్చు. ఆడిటర్‌కి ఈ పాఠం ఎవరు చెప్తారు, నువ్వా?"

"కనీసం హద్దు ఒక డిగ్రీ పెంచుదాం సార్."

"100.5 దాకా లోపలికి పంపుతున్నాం అని రాసి పెడదామా? శుక్రవారం దాటనీ. శనివారం పొద్దున్నే తీసీ, నేనేటీ అనను."

"ఈలోగా అసిరమ్మ పేరు పోతుంది సార్."

"ఒక్క మనిషి కోసం..." అని ఆయన ఆ వాక్యాన్ని ఫోను మోగితే అక్కడే వదిలేశాడు.

ఒంటిగంటకి అసిరమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. స్కానర్ ముందు కాస్త నిటారుగా నిలబడింది. 99.7. ఎర్ర లైటు. వెనకున్న మనిషి రెండడుగులు వెనక్కి జరిగింది. మొన్నటిదాకా తనతో క్యారేజీ పంచుకున్న మనిషే. అసిరమ్మ గేటు గది వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఒకటో టేబుల్ దగ్గర దేవి అనే కొత్తమ్మాయిని పెట్టారు.

*

గురువారం పదకొండింటికి సింధూరి ఎవరినీ అడగలేదు. సెట్టింగులు తెరిచి 1.0 చెరిపి 0.0 కొట్టింది. రేఖకి ఫోన్ చేసి, అమ్మని పంపించు, ఇవాళ ఆకుపచ్చ వస్తుంది అంది. ధనరాజ్ అరిస్తే అరవనీ అనుకుంది. ఉద్యోగం తీసేస్తే ఆ ప్రింటరు పీడ విరగడవుతుంది.

అయితే లైటు గేటు దాటిస్తుంది, టేబుల్ దగ్గరికి చేర్చదు. పేరు మళ్లీ ఎక్కించాలంటే ఏదో ఒకటి చూపించాలి. రెండేళ్లుగా అసిరమ్మ ఎప్పుడూ ఇంతే ఉంది, ఇది ఆమె మామూలు వేడి, జ్వరం కాదు అని. ఆ రెండేళ్లూ స్కానర్ రాసి పెట్టే ఉంది. అసిరమ్మ పేరు కొట్టి, వచ్చిన రీడింగులన్నీ ఒక గీతగా మార్చి, ప్రింటు నొక్కింది.

ప్రింటరు ఆలోచించింది. గరగరమంది. కాగితం అంగుళం అంగుళం బయటికొచ్చింది. ముందు పోయిన ఏడాది వచ్చింది. గీత 97.0 దగ్గర చీమలబారులా నడుస్తోంది. 96.9, 97.1, 97.0. మండే మే నెలలో కూడా 97.3 దాటలేదు. సింధూరి కాగితం ఇంకా ఉందా అని వంగి చూసింది. ఉంది. దీపావళి వచ్చింది. ఆ తర్వాత గీత మెట్టు ఎక్కడం మొదలుపెట్టింది. 97.6. 98.0. 98.3. ఆరు వారాలుగా 98.5కి కిందికి దిగలేదు.

మిషను తప్పేమో అనుకుంది. అదే టేబుల్లో అసిరమ్మ పక్కన నిలబడే మనిషి గీత తీసింది. తిన్నగా ఉంది. ఇంకో ఇద్దరివి తీసింది. ఏడాది పొడుగునా తిన్నగానే ఉన్నాయి. చలికాలంలో ఎవరి ఒళ్లూ మెట్లెక్కలేదు.

97 దగ్గర బతికే మనిషికి 98.6 అంటే డిగ్రీన్నర పైన. నెలలో రెండుసార్లు బిగించిన జాకెట్టు. పొడి దగ్గు. పొద్దున్న ఎండకి పెట్టిన వీపు. మంగళవారం సాయంత్రం బస్సులో గబగబా దాటేసిన ముక్క ఇప్పుడు ఫోన్లో మళ్లీ తెరవాల్సిన పనిలేకుండా గుర్తొచ్చింది. లోపల ఏదో ఒకటి రాజుకుంటూ తిరిగేవాళ్ల నార్మల్.

తను కలిపిన డిగ్రీ మూడు వందల పదకొండు మంది విషయంలో అబద్ధం చెప్పింది. అది సరిగ్గా పట్టుకున్న ఒక్క మనిషి ఇంటికి తనే వెళ్లి, మిషను తప్పు, నువ్వు పుస్తకంలో ఉన్నావు అని చెప్పి టీ తాగి వచ్చింది.

ప్రింటు మీద ధనరాజ్ సంతకం పెట్టించడానికి కింద ఖాళీ గీత కూడా వేసి ఉంచింది. ఈ కాగితం చింపేస్తే అసిరమ్మ ఇవాళ లోపలికి వెళ్తుంది. ఆకుపచ్చ వస్తుంది. రేపు ఆడిట్‌లో కూడా ఆకుపచ్చే వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. చెంపకి చెంప ఆనించిన ఆ చిన్నపిల్లతో సహా.

ఒంటిగంటకి పది నిమిషాలుండగా కాగితం మడిచి గేటు దగ్గరికి నడిచింది.

అసిరమ్మ వరసలో అందరికంటే ముందుంది. స్కానర్ ఎదురుగా నిలబడింది. 98.6. ఆకుపచ్చ. "నార్మల్ టెంపరేచర్." గేటు అడ్డకర్ర తనంతట తనే పైకి లేచింది.

"అద్గదీ!" అన్నాడు ఎల్లాజీ. "అత్తకి మనసు మారింది. రా అప్పా."

వెనక వరసలో ఎవరో ఈల వేశారు. అసిరమ్మ బూటు వేసుకోవడానికి కాలు ఎత్తింది.

"పిన్నీ, ఆగు."

"ఏటి?"

"లోపలికి వెళ్లకు."

ఎల్లాజీ తెర వైపు చూశాడు, సింధూరి వైపు చూశాడు. "ఆకుపచ్చ వచ్చింది మేడమ్. ఆకుపచ్చొచ్చినోల్ని ఆపడానికి బటనే నేదు దీనికి."

"తెలుసు. నేనే ఆపుతున్నాను."

అసిరమ్మని పక్కకి, గోడవారకు తీసుకెళ్లింది. కాగితం విప్పింది. గీత మీద వేలు పెట్టి చూపించింది. "ఇది నీ వేడి. రెండేళ్ల నుంచి. ఇక్కడుండేదానివి. చూడు, దీపావళి అయ్యాక ఇలా పైకెళ్లింది."

"నిన్న నువ్వే కదా సెప్పినావు, పుస్తకంలో ఉన్నంతే ఉన్నాదని?"

"చెప్పాను. అది పుస్తకంది. నీది కాదు. నీది ఇది." వేలు కింది గీత మీదికి జరిగింది. "పిన్నీ, సాయంత్రం పూట చలేస్తోందా?"

అసిరమ్మ లోపలికి వెళ్తున్న వాళ్లని చూసింది. ఒకరి తర్వాత ఒకరు, నార్మల్, నార్మల్, నార్మల్.

"మంచులో నిలబడతాం కదా," అంది చివరికి. "అందరికీ ఏస్తాది అనుకున్నాను. రాత్రి సెమట్లు పడితే మంచు దిగతన్నాది అనుకున్నాను."

"ఎన్నాళ్లనుంచి?"

"నాను లెక్కెట్టినానేటి." కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గి, ఆ కొంగు అక్కడే ఉంచుకుంది. సింధూరికి ఒక అడుగు దూరంగా జరిగింది. "మనవరాలు గుంట నా పక్కలోనే పడుకుంటాది."

"అందుకే ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్దాం. కళ్లె పరీక్ష చేస్తారు. క్షయే అయితే మందులు ఊరికే ఇస్తారు. ఆరు నెలలు వాడితే పోతుంది. పాపకీ చూపిద్దాం. అది కాకపోవచ్చు కూడా."

"పరీచ్చ అయ్యాక ఇక్కడికి రానిస్తారా?"

రానిస్తారు అనే మాట సింధూరి నాలుక చివర దాకా వచ్చింది. నిన్న "పోదు, నేను చూస్తాను" అన్న మాట కూడా అక్కడినుంచే వచ్చింది.

"తెలీదు పిన్నీ."

అసిరమ్మ తల ఊపింది. కాగితం అడిగి తీసుకుంది, నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. పై అంతస్తు కిటికీలో ధనరాజ్ నిలబడి గేటు వైపు చూస్తున్నాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. సింధూరి జేబులో ఫోను మోగుతోంది. ఆమె స్కూటీ స్టాండు తీసింది.

"ఒకటో టేబుల్ కాడ ఎవుర్ని పెట్టినారు?"

"దేవి అని, కొత్తమ్మాయి."

"ఎరుగుదును. పొట్టి గుంట." అసిరమ్మ గమ్ బూట్లు గోడవారన జతగా పెట్టింది. వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుని, మొహం అవతలికి తిప్పుకుంది. "ఆ గుంటకి సెప్పించు. రొయ్య నరం తల తుంచిన ఏపునుంచి లాగాల. తోకేపు నుంచి లాగితే మజ్జిలో తెగిపోతాది. తొందర పడొద్దని సెప్పు."